కాశీరావుగారి జాగ్రత్తలు

పరాయి దేశం వెళ్ళేవాళ్ళకి జాగ్రత్తలు చెప్పడంలో విజయవాడ వన్ టౌన్ మొత్తానికీ కాశీరావుని మించినవాడు లేడు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, కాశీరావు తనంతట తాను అనుకున్నది. ఎండుచేపల హోల్‌సేల్ కొట్లో కూర్చుని నెత్తళ్ళూ సావళ్ళూ రొయ్యపొట్టూ తూకం వేయించే మనిషికి విదేశాల సంగతులెలా తెలుసంటారా? అదే మరి! నాలుగేళ్ళ కిందట బావమరిది కోటి రమ్మంటే గల్ఫులో ఒక పెద్ద నగరానికి వెళ్ళి పది పన్నెండు రోజులు ఉండి వచ్చాడు. ఆ నగరం పేరు నేను చెప్పను. చెబితే మీలో సగంమంది అక్కడున్న చుట్టాలకి ఫోన్లు కొట్టి ఆరా తీస్తారు, నాకెందుకొచ్చిన గొడవ.

ఆ పది పన్నెండు రోజుల్నీ కాశీరావు ఇప్పటికీ సాగదీస్తూనే ఉన్నాడు. చుట్టుపక్కల ఎవరికి వీసా వచ్చిందని తెలిసినా, పిలవకుండానే వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. "అక్కడ బళ్ళు మనకి ఎదురువైపు నుంచి వస్తాయి, రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడంపక్క చూడాలి. మెట్రోలో ఏం నమిలినా ఫైనే. ఎండాకాలం చన్నీళ్ళ కుళాయి తిప్పినా కాగిన నీళ్ళే వస్తాయి, పొద్దున్నే బకెట్టు పట్టి పెట్టుకోవాలి. శుక్రవారం ఏ ఆఫీసులోనూ ఏ పనీ కాదు, పెట్టుకోవద్దు." ఇలా మొదలుపెడితే వినేవాళ్ళు ఆవులించినా ఆగడు. కానీ పాపం, చెప్పేదాంట్లో అబద్ధం ఒక్కటీ ఉండదు. అందుకే జనం విసుక్కుంటూనే వింటారు.

అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం కొట్టు మెట్ల మీద కూలబడి, ఫోను చెవికి ఆనించుకుని, "ఇప్పుడేం చెయ్యాలి బాబూ?" అని తన వయసులో సగం లేని కుర్రాణ్ణి అడిగాడు.

ఆ కుర్రాడి పేరు సాత్విక్. కాశీరావు ఇంటి మేడ మీది వాటాలో అద్దెకుంటున్న బుల్లెమ్మకి అల్లుడు. బుల్లెమ్మది కంకిపాడు. మొగుడు పోయాక ఉన్న కాస్త పొలం కౌలుకిచ్చి, కూతురు అక్షయ చదువు కోసం బెజవాడ వచ్చి, ఇక్కడే ఉండిపోయింది. అక్షయకి పెళ్ళయి ఆ గల్ఫు నగరంలోనే కాపురం. ఇప్పుడు నెలలు నిండి ఇవాళో రేపో అన్నట్టుంది. పురుడు పోసి, బాలింతకి నాలుగు రోజులు చేసిపెట్టడానికి బుల్లెమ్మ ముందురోజే బయల్దేరింది. ఆవిడ విమానం ఎక్కడం ఇదే మొదలు.

"అంకుల్, అత్తయ్యగారు బయటికి రాలేదండి. ఆవిడతో దిగినవాళ్ళంతా ఎప్పుడో వెళ్ళిపోయారు. లోపలే ఆపేశారంట" అన్నాడు సాత్విక్.

"ఆపడమేంటయ్యా? వీసా కాయితం చూపించలేదా? చేతిసంచిలో పైనే పెట్టానుగా!"

"వీసా గొడవ కాదండి. సూట్‌కేసులో గసగసాలు దొరికాయంట. ఇక్కడ అవి మత్తుమందు కిందే లెక్కండి. పోలీసులకి అప్పగించేశారు."

కాశీరావుకి ఒళ్ళు మండింది. భయం కంటే కోపం ముందు రావడం ఆయన స్వభావం. "గసగసాలా! నా చేత్తో నేను తీసేశాను కదయ్యా! అంటే నాకు తెలీకుండా మళ్ళీ దూర్చిందన్నమాట. చెప్పిన మాట వింటేనా ఈ ఆడవాళ్ళు! చిలక్కి చెప్పినట్టు చెప్పాను."

"విడిగా కాదంట అంకుల్. ఏదో మసాలా పొడిలో ఉన్నాయంట. బరకగా ఉందంట పొడి, గింజలు కనపడుతున్నాయంట. పొట్లానికి నీలం పురికొస చుట్టి ఉందని చెప్పారు. అది ఆవిడకి ఎవరిచ్చారో మీకేమైనా తెలుసాండి?"

కాశీరావు తలెత్తాడు. కొట్లో బల్ల పైన, మూటలు కట్టే నీలం పురికొస ఉండ వేలాడుతోంది. దాని కొస ఫాను గాలికి ఊగుతోంది. అప్పుడే ఆయన మెట్ల మీద కూలబడింది. అప్పుడే "ఇప్పుడేం చెయ్యాలి బాబూ" అన్నది. సాత్విక్ ఏదో చెబుతున్నాడు గానీ చెవికెక్కలేదు. "మళ్ళీ చేస్తానయ్యా" అని పెట్టేశాడు.

అసలు జరిగిందేమిటంటే, ప్రయాణానికి ముందురోజు సాయంత్రం కాశీరావు మేడెక్కి, బుల్లెమ్మ సర్దుకున్న సూట్‌కేసు మళ్ళీ మొత్తం విప్పించాడు. ఆయన కుర్చీలో, ఆవిడ నేల మీద. ఒక్కొక్కటీ తీసి చూపించడం, ఆయన ఊఁ అంటే పక్కన పెట్టడం.

"ఇదేంటి?"

"వామండి అన్నయ్యగారూ."

"ఉంచు. అదేంటి?"

"శొంఠి కొమ్ములండి. ఇది గసగసాలు. బాలింతకి కూరల్లోకి..."

"తియ్! ముందది తియ్!" కాశీరావు కుర్చీలోంచి లేచినంత పని చేశాడు. "జైల్లో వేస్తారమ్మా! నల్లమందు చెట్టు గింజలవి. ఎంతమంది దీంతో ఇరుక్కున్నారో తెలుసా?"

బుల్లెమ్మ గుండెలు పట్టుకుంది. "అమ్మో! మీరు చూడబట్టి సరిపోయింది గానీ" అంది. ఆ మాటకి కాశీరావుకి కడుపు నిండిపోయింది. ఆ పొట్లం తనే పట్టుకుని కిందికి దిగి, వంటింటి గట్టు మీద పడేసి, "ఇదిగో, గసాలు, వాడుకో" అన్నాడు భార్య పేరమ్మతో. "ఆవిడవి మీరెందుకు తెచ్చారండీ?" అని పేరమ్మ అడిగింది. "నీకు చెప్పినా అర్థం కాదులే" అని మళ్ళీ మేడెక్కాడు.

ఇంకో పాఠం మిగిలి ఉంది మరి. అన్నిటికంటే ముఖ్యమైనది. ఊరెళ్ళే మనిషి చేతిలో ఓ పొట్లం పెట్టందే మనవాళ్ళకి తోచదు కదా. అప్పటికే వెనకవీధి తెరేసమ్మ అక్కడున్న చెల్లెలికిమ్మని కాకరకాయ కారం తెస్తే కాశీరావు గుమ్మంలోనే ఆపి, "ఇంకొకళ్ళ నెత్తిన బరువులు పెట్టడానికి బుద్ధుండాలి" అని తిప్పి పంపేశాడు. ఆవిడ మొహం మాడ్చుకుని వెళ్ళింది.

"ఎయిర్‌పోర్టులో అడుగుతారమ్మా. ఈ బ్యాగు ఎవరిది, ఎవరు సర్దారు, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని. మూడే ముక్కలు. మై బ్యాగ్. ఐ ప్యాక్. నోబడీ గివ్. ఏదీ, అను."

"మై బ్యాగు. ఐ ప్యాకు. నోబడీ గీ..."

"గివ్!"

"గివ్వు."

"ఆఁ. తిప్పి తిప్పి అడుగుతారు. ఎన్నిసార్లు అడిగినా, ఎంత గట్టిగా అరిచినా ఇదే మాట. మాట మార్చావో, అనుమానం వచ్చేస్తుంది, ఇంకంతే సంగతులు. నా ఫోన్ నంబరు కూడా కంఠతా పట్టు. ఫోను పోయినా, చార్జింగ్ అయిపోయినా నంబరు నోట్లో ఉండాలి."

బుల్లెమ్మ అయిదో క్లాసు దాకా చదివింది. కానీ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. చీరలు మడతపెడుతూ, కరివేపాకు కుండీకి నీళ్ళు పోస్తూ అదే వల్లె వేసుకుంది. కాశీరావు కింద వాకిట్లోంచి "ఎవరిచ్చారు?" అని కేక వేస్తే, మేడ మీంచి "నోబడీ గివ్వు" అని పలికేది. అటూ ఇటూ వాటాలవాళ్ళు నవ్వుకున్నారు.

మర్నాడు గన్నవరం ఎయిర్‌పోర్టుకి వెళ్ళడానికి కారు వచ్చి నిలబడ్డాక, కాశీరావు లోపల్నుంచి నీలం పురికొసతో గట్టిగా కట్టిన పొట్లం ఒకటి తెచ్చాడు. "ఇది మన కోటికి. వాళ్ళక్క రొయ్యల ఇగురులో వేసే మసాలా. ఇది లేకపోతే వాడికి ముద్ద దిగదు. నీ దగ్గరకొచ్చి వాడే పట్టుకెళ్తాడు."

బుల్లెమ్మ తటపటాయించింది. "ఎవరేమిచ్చినా తీసుకోవద్దన్నారు కదండీ?"

"అది పరాయివాళ్ళ సంగతమ్మా. మనం మనం పరాయివాళ్ళమా?"

"అయ్యయ్యో, అంత మాటెందుకండీ" అంటూ ఆవిడ గబగబా సూట్‌కేసు తెరిచి, చీరల మధ్య చోటు చేసింది. "మరి అడిగితేనండీ?"

"నోబడీ గివ్!" అని కాశీరావు నవ్వాడు. ఆవిడా నవ్వింది.

ఇప్పుడా నవ్వు గుర్తొచ్చి కాశీరావు మెట్ల మీంచి లేచాడు. కొట్టు పనివాళ్ళకి వదిలేసి, తోపుడుబళ్ళ మధ్యలోంచి పడుతూ లేస్తూ ఇంటికి పరిగెత్తాడు. పేరమ్మ చాప మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"కోటిగాడికి ఇచ్చిన మసాలాలో ఏమేం వేశావే?"

"ఎప్పుడూ వేసేవే. ధనియాలు, లవంగాలు, చెక్క, ఎండుకొబ్బరి, గసాలు."

"గసాలు వేశావా!"

"గసాలు లేకుండా రొయ్యల మసాలా ఏంటండీ? పెళ్ళయిన కాడ్నించీ తింటున్నారు!" పేరమ్మ విచిత్రంగా చూసింది. "మనింట్లో నిండుకున్నాయి కూడాను. మీరు బుల్లెమ్మగారివి తెచ్చిచ్చారు కదా, సమయానికి భలే అందాయనుకున్నాను. దోరగా వేయించి వేశాను."

బుల్లెమ్మ సూట్‌కేసులోంచి కాశీరావు తీసిన గింజలే, తన వంటింట్లో పొడై, తన పురికొసతో కట్టుకుని, తన చేతుల మీదుగా మళ్ళీ ఆ సూట్‌కేసులోకే వెళ్ళాయి. చూశారా! ఇన్నేళ్ళు ఆ ఇగురు లొట్టలేసుకుంటూ తిన్నాడే గానీ, అందులో ఏముందని ఒక్కనాడైనా అడిగిన పాపాన పోలేదు.

విషయం విన్న పేరమ్మ చేతిలో చింతపండు అలాగే ఉండిపోయింది. "నేను అడిగానండీ, ఎందుకు తెచ్చారని" అంది మెల్లగా. తిట్టినా బాగుండేది.

ముందు కోటికి ఫోను చేశాడు. సంగతి వినగానే కోటి గొంతు చిన్నబోయింది. "బావా, నీకు దణ్ణం పెడతాను, నా పేరు ఎక్కడా తియ్యకు. నా వీసా పోతుంది. పిల్లల చదువులు ఇక్కడే."

"నీకోసం తెచ్చిన పొడే కదరా! వెళ్ళి ఒక్క మాట చెప్పలేవా?"

"చెప్పినా ఆవిణ్ణి వదలరు బావా. నన్ను కూడా కలుపుతారు." అటుపక్క ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్ వచ్చింది.

కోటిని తిట్టుకుంటూ కూర్చున్న కాశీరావుకి, అప్పుడు ఒక పాడు ఆలోచన వచ్చింది. తన పేరు మాత్రం ఎవరికి తెలుసు? బుల్లెమ్మకీ, పేరమ్మకీ, ఎలాగూ నోరెత్తని కోటికీ. సాత్విక్‌కి చెప్పకపోతే ఆ పొట్లం ఎవరిదైనా కావచ్చు. తెరేసమ్మదీ కావచ్చు. ఈ ఆలోచన ఆయనకి రాలేదని నేను బుకాయించను, వచ్చింది. చాలాసేపే ఉంది కూడా. ఎదురుగా గోడ మేకుకి బుల్లెమ్మ మేడ వాటా తాళంచెవి వేలాడుతోంది. కుండీకి నీళ్ళు పొయ్యమని ఇచ్చి వెళ్ళింది. దాన్ని చూడలేక ఆయన వీధిలోకి వచ్చేశాడు.

పంజా సెంటర్ దగ్గర విమానం టికెట్లు తీసిచ్చే దుర్గాప్రసాద్ ఆఫీసుకి వెళ్ళాడు. తెలిసినవాడు, మంచివాడు. అంతా విని, కూర్చోమని మంచినీళ్ళిచ్చాడు.

"ఎంబసీకి మెయిల్ పెడదామండి. కానీ రేపు శుక్రవారం కదండీ. ఏ పనీ కాదు, మీకు తెలిసిందే."

తనకి తెలిసిందే. ఎంతమందికి చెప్పాడో. "నేనే వెళ్ళి, ఆ పొట్లం నాదని చెబితేనో?"

"వీసా రావద్దాండీ? వచ్చి, మీరు వెళ్ళి చెప్పినా, ఆవిణ్ణి పంపించి మిమ్మల్ని ఉంచుకుంటారని ఏముంది? ఇద్దర్నీ ఉంచుకుంటారు." దుర్గాప్రసాద్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఒకటి మాత్రం ఉందండి. ఆవిడ తనంతట తను ఇది నాది కాదు, ఫలానావాళ్ళు ఇచ్చారు, లోపలేముందో నాకు తెలీదు అని ఇప్పుడే చెబితే కాస్త ఆశ. నాదేనని రాసిచ్చేస్తే మాత్రం ఇక లాయరు కూడా ఏం చెయ్యలేడండి."

కాశీరావుకి మూడు ముక్కలు చెవిలో గింగురుమన్నాయి. మై బ్యాగ్. ఐ ప్యాక్. నోబడీ గివ్. అక్కడే నిలబడి సాత్విక్‌కి ఫోను చేశాడు.

"బాబూ, ఆ పొట్లం నాదయ్యా. నేనే ఇచ్చాను. ఎవరూ ఇవ్వలేదని చెప్పమని నేర్పిందీ నేనే."

అటుపక్క కార్లు వెళ్తున్న చప్పుడు వినపడుతోంది. కాశీరావు తిట్ల కోసం ఎదురుచూశాడు.

"అంకుల్, అక్షయకి ఇంకా చెప్పలేదండి. ఫ్లైటు లేటని చెప్పాను. నొప్పులు మొదలయ్యేట్టున్నాయంటోంది. నేను ఇక్కడుండాలా అక్కడికెళ్ళాలా తెలీట్లేదు" అన్నాడు సాత్విక్. "లోపలికి నన్ను వెళ్ళనివ్వట్లేదండి. ఆవిడ్ని ఒక్క ఫోను చేసుకోనిస్తారంట. నాకు చేస్తే చెబుతాను, మీరిచ్చారని చెప్పమని."

"నీకు చెయ్యదు బాబూ" అన్నాడు కాశీరావు. "ఆవిడకి నోటికొచ్చిన నంబరు నాదొక్కటే."

ఇంటికొచ్చి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చార్జింగు చూసుకున్నాడు. సిగ్నలు కోసమని అరుగు మీదికొచ్చాడు, మళ్ళీ లోపలికెళ్ళాడు. మధ్యలో ఉయ్యూరు నుంచి సరుకు కోసం ఎవరో ఫోను చేస్తే, "పెట్టెయ్, పెట్టెయ్ ముందు!" అని అరిచాడు. ఏం చెప్పాలో మనసులో వల్లె వేసుకున్నాడు. అమ్మా, అది కాశీరావు ఇచ్చాడు, లోపలేముందో నాకు తెలీదు అని చెప్పు. అంతే, రెండే ముక్కలు. పేరమ్మ అన్నం తినమనలేదు, తను తినలేదు. వీధి దీపాలు వెలిగే వేళకి, ముందు ప్లస్ గుర్తున్న పొడుగాటి నంబరు ఒకటి మోగింది.

"అన్నయ్యగారూ!" బుల్లెమ్మ గొంతు అలసిపోయి ఉంది గానీ ఏడుపు లేదు. "నేనండీ."

"అమ్మా, ముందు నా మాట విను..."

"భయపడకండి, నేను బాగానే ఉన్నానండి. ఎంతమంది అడిగారనుకున్నారూ! ఒకాయన మెత్తగా, ఇంకొకాయన గట్టిగా, ఒకావిడ హిందీలో. మీరు చెప్పినట్టే తిప్పి తిప్పి అడిగారండి. నేను ఒక్కటే మాట. మై బ్యాగు, ఐ ప్యాకు, నోబడీ గివ్వు. ఎక్కడా తడబడలేదు. అన్నిసార్లూ గివ్వు అనే అన్నాను."

"కాదమ్మా! అది నేనిచ్చానని చెప్పు. కాశీరావు ఇచ్చాడని చెప్పు, ఇప్పుడే, ఆ పక్కనున్నాయనకి చెప్పు!"

"ఊరుకోండి అన్నయ్యగారూ, వీళ్ళు వింటున్నారు." ఆవిడ గొంతు తగ్గించింది. "ఇప్పుడు మాట మారిస్తే అనుమానం రాదాండీ? మీరే కదా చెప్పారు. అయినా ఇక అడగరులెండి, కాయితం మీద సంతకం కూడా పెట్టించుకున్నారు. అరబ్బీలో ఏదో రాసి ఉంది. ఇంక పంపించేస్తారనుకుంటానండి. అమ్మాయికి ఓ ఫోను చేసి, అమ్మ దారిలో ఉందని చెప్పండి. కంగారు పడుతుంది."

"అమ్మా, బుల్లెమ్మా, ఒక్క మాట..."

అటు ఎవరిదో మగ గొంతు వినపడింది. ఆ తర్వాత ఏమీ లేదు. కాశీరావు ఆ నంబరుకే తిరిగి చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు.

పేరమ్మ వచ్చి పక్కన నిలబడింది. "ఏమందండీ ఆవిడ?"

కాశీరావు ఆవిడ మొహంలోకి చూడలేదు. ఫోను వైపే చూస్తూ ఉన్నాడు.

"నేను నేర్పినట్టే చెప్పిందట" అన్నాడు.